పిల్లల లెక్కలు – పెద్దల తొందర

ఉగాది దగ్గర పడుతోందంటే మన ఇళ్ళలో వేపపువ్వు కోసం వెతుకులాటతో పాటు ఇంకో హడావుడి కూడా మొదలవుతుంది. వచ్చే ఏడాది ఎవరు ఏ లెక్కల తరగతిలో కూర్చోవాలో ఇక్కడి స్కూళ్ళు చాలావరకు ఈ రోజుల్లోనే నిర్ణయిస్తాయి. ఐదో తరగతిలోనో ఆరో తరగతిలోనో ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఒక ఉత్తరం వస్తుంది. మీ అమ్మాయిని యాక్సిలరేటెడ్ మ్యాథ్‌కు సిఫారసు చేస్తున్నామని కొందరికి, చేయడం లేదు, అభ్యంతరముంటే ఫలానా తేదీలోగా తెలియజేయమని మరికొందరికి. ఆ వారం గుడిలో పంచాంగ శ్రవణం ఎంతమంది శ్రద్ధగా వింటారో కానీ, ప్రసాదం లైనులో మాత్రం "మీవాడు ఏ మ్యాథ్?" అన్న ప్రశ్న అందరికీ వినబడుతుంది.

పైకి ఇది స్కూలు వ్యవహారం. కాస్త లోతుగా చూస్తే ధర్మానికి సంబంధించిన ప్రశ్న. ఇంకా తన బాగోగులు తాను పూర్తిగా చెప్పలేని ఒక మనిషి తరఫున మనం నిర్ణయం తీసుకుంటున్నాం. ఏ కొలతతో తీసుకుంటున్నాం? ఎవరి కోసం తీసుకుంటున్నాం? మన సభ్యుల్లో చాలామంది ఇళ్ళలో ఈ చర్చ నడుస్తోంది కనుక నాలుగు మాటలు కలిసి ఆలోచిద్దామని ఈ ప్రయత్నం.

కొత్తగా వచ్చిన కుటుంబాల కోసం ముందుగా ఒక చిన్న వివరణ. ఇక్కడ లెక్కలకు మెట్లున్నాయి: ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీకాలిక్యులస్, కాలిక్యులస్. మామూలుగా ఏడాదికి ఒక మెట్టు. తొమ్మిదో తరగతిలో ఆల్జీబ్రా మొదలుపెట్టినవారు పన్నెండులో ప్రీకాలిక్యులస్ దగ్గర ఆగుతారు. ఎనిమిదిలో మొదలుపెడితే పన్నెండులో కాలిక్యులస్, ఏడులో మొదలుపెడితే పదకొండులోనే. అంటే పదకొండేళ్ళ వయసులో వచ్చిన ఉత్తరమే ఇంజనీరింగ్ కాలేజీ తలుపు తెరుస్తుందో మూస్తుందో అన్నట్టు కనిపిస్తుంది. మన భయమంతా అక్కడే పుడుతోంది.

ఈ విషయంలో ఈ దేశమే ఒక మాట మీద లేదు. శాన్‌ఫ్రాన్సిస్కో పబ్లిక్ స్కూళ్ళు 2014లో ఎనిమిదో తరగతి ఆల్జీబ్రాను తీసేసి, అందరూ తొమ్మిదిలోనే చదవాలన్నాయి. పదేళ్ళు వాదించుకున్నాక 2024లో అక్కడి స్కూల్ బోర్డు దానిని తిరిగి తేవాలని ఓటు వేసింది. నార్త్ కరోలినాలోని షార్లట్‌లో దీనికి తలకిందులుగా జరిగింది. 2000ల మొదట్లో అంతంత మాత్రంగా ఉన్న పిల్లలను కూడా ఎనిమిదిలోనే ఆల్జీబ్రాకు తోశారు. తరువాత పరిశోధకులు లెక్క తీసి చూస్తే ఆ పిల్లలకు ఆల్జీబ్రా పరీక్షలో మార్కులు తగ్గాయి, ఆపైన జామెట్రీ, ఆల్జీబ్రా 2 గట్టెక్కినవారూ తగ్గారు. మరో పక్క, జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో జూలియన్ స్టాన్లీ 1971లో మొదలుపెట్టిన అధ్యయనం ఉంది. పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలకు హైస్కూలు వాళ్ళ శాట్ పరీక్ష పెట్టి, నిజంగా ముందున్నవారిని గుర్తించి, వారికి తగిన చదువు అందించారు. దశాబ్దాల తరువాత కూడా ఆ పిల్లల బాగోగులు తెలుసుకుంటూ వచ్చారు. త్వరగా ముందుకు వెళ్ళినందువల్ల వారి మనసుకు కీడు జరిగిన దాఖలా కనబడలేదు.

ఈ రెండూ ఒకదానినొకటి కాదనడం లేదు. తొందర మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు జవాబు లేదు, ఏ బిడ్డకు అని అడిగితేనే ఉంది. వైద్యులమైన మాకు ఇది రోజూ ఎదురయ్యే సంగతే. ఒకే వయసున్న ఇద్దరు పిల్లలకు ఒకే మందు ఒకే మోతాదులో ఇవ్వం, బరువు చూసి ఇస్తాం. పక్కింటి పిల్లవాడికి పడిన మోతాదు మన పిల్లవాడికి ప్రమాణం కాదు.

మన పెద్దలు ఈ సంగతిని వేరే మాటల్లో ఎప్పుడో చెప్పి పెట్టారు. వేదాంత గ్రంథం ఏది మొదలుపెట్టినా ముందుగా నాలుగు విషయాలు తేల్చాలన్నారు. దీనిని అనుబంధ చతుష్టయం అంటారు: అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం. ఇది ఎవరికి, ఇందులో ఏముంది, దానికీ దీనికీ లంకె ఏమిటి, చివరికి దేనికోసం? బ్రహ్మవిద్యకే ఇన్ని ప్రశ్నలు అడిగినప్పుడు, ఆరో తరగతి లెక్కలకు అడిగితే తప్పేముంది?

మొదటిది, అధికారి. ఇక్కడ అధికారి అంటే హోదా ఉన్నవాడని కాదు, ఆ చదువును అందుకోవడానికి సిద్ధంగా ఉన్నవాడని. మన పిల్లల్లో చాలామంది వారాంతపు క్లాసుల పుణ్యమా అని కూడికలు, గుణకారాలు గబగబా చేసేస్తారు. వేగం వేరు, సిద్ధంగా ఉండడం వేరు. ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. 8 + 4 = __ + 5 అని రాసి ఖాళీలో ఏముండాలో అడగండి. చాలామంది పిల్లలు 12 అని రాసేస్తారు. సమానం గుర్తు అంటే "జవాబు ఇక్కడ రాయి" అన్న ఆజ్ఞ అనుకుంటారు కానీ, రెండు వైపులా తూగాలన్న మాట అని అనుకోరు. 7 అని రాసి, ఎందుకో చెప్పగలిగిన బిడ్డకు ఆల్జీబ్రా వాకిలి తెరుచుకున్నట్టే. అలాగే 3/4 ని 1/8 తో భాగించమంటే తిరగేసి గుణించి 6 అంటారు. "ముప్పావు పిజ్జాలో ఎనిమిదో వంతు ముక్కలు ఎన్నుంటాయి?" అని అడిగితే అదే పిల్లవాడు తడుముకోవచ్చు. అమెరికా, బ్రిటన్ పిల్లల వివరాలను పరిశీలించి 2012లో వెలువడిన ఒక అధ్యయనం, పదేళ్ళ వయసులో భిన్నాలు, భాగహారం మీద ఉన్న పట్టును బట్టి హైస్కూలు ఆల్జీబ్రా ఎలా ఉండబోతోందో చాలావరకు చెప్పవచ్చని తేల్చింది.

ఇంకొక మాట. ఒక్క రక్తపరీక్ష చూసి రోగనిర్ధారణ చేయం కదా, ఒక్క ప్లేస్‌మెంట్ టెస్ట్ చూసి బిడ్డను తేల్చేయడం కూడా సరికాదు. ఆ రోజు జ్వరం ఉండవచ్చు, అదృష్టం కలిసి రావచ్చు. టీచరు మాట, ఏడాది పొడుగునా చేసిన పని, అన్నిటికంటే ముఖ్యంగా తెలియని లెక్క ఎదురైనప్పుడు బిడ్డ ఏం చేస్తుందన్నది చూడాలి. పది నిమిషాలు దానితో కుస్తీ పడుతుందా, రాలేదని పెన్సిల్ విసిరేస్తుందా? తెలియదని టీచరును అడగగలదా? ఇవి కూడా అధికారి లక్షణాలే.

రెండవది, విషయం. యాక్సిలరేటెడ్ అన్న పేరు ఒకటే కానీ లోపలి సరుకు ఒకటి కాదు. కొన్ని చోట్ల మూడేళ్ళ పాఠాలను రెండేళ్ళలోకి కుదిస్తారు. కొన్ని చోట్ల ఒక ఏడాదిని పూర్తిగా దాటవేస్తారు. కుదించడం వేరు, వదిలేయడం వేరు. 2010లో వచ్చిన కామన్ కోర్ ప్రమాణాలను పాటించే చోట ఎనిమిదో తరగతి లెక్కల్లోనే సరళరేఖా సమీకరణాలు, ఫంక్షన్లు, పైథాగరస్ సిద్ధాంతం వంటివి ఉన్నాయి. దానిని దాటేస్తే బిడ్డ ఖాళీ మెట్టు మీద కాలు వేస్తుంది. కనుక స్కూలుకు వెళ్ళినప్పుడు "మావాడిని ఎందుకు తీసుకోలేదు?" అన్న ప్రశ్న కంటే ముందు "ఇందులో ఏ పాఠాలు వదిలేస్తారు, వాటిని ఎప్పుడు చెబుతారు?" అని అడగడం మేలు.

మూడవది, సంబంధం. లెక్కలకూ బిడ్డకూ మధ్య ఉన్న బంధం ఎలాంటిది? ప్రఖ్యాత సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు మన తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 2023లో 102 ఏళ్ళ వయసులో ఈ దేశంలోనే కన్నుమూశారు. చిన్నప్పుడు రోజూ తెల్లవారుజామున నాలుగు గంటలకు తనను లేపి, చదువుకోవడానికి నూనె దీపం వెలిగించి పెట్టిన తల్లిని తలచుకుంటూ ఆయన ఒక పుస్తకాన్ని ఆమెకు అంకితమిచ్చారు. ఆ తల్లి దీపం వెలిగించింది, చదివింది మాత్రం ఆ పిల్లవాడు. మన బాధ్యతకు హద్దు ఎక్కడో ఇందులో ఉంది. దీపం వెలిగించకపోతే మన తప్పు. దీపం వెలిగించి, పుస్తకం కూడా మనమే చదివి, హోంవర్కు కూడా మనమే చేసి పంపితే అది చదువు కాదు.

పిల్లల వైద్యంలో ఒక మంచి పద్ధతి ఉంది. తల్లిదండ్రుల అనుమతితో పాటు, అర్థం చేసుకునే వయసున్న పిల్లల సమ్మతి కూడా తీసుకోవాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 1995లోనే చెప్పింది. వాడి భాషలో వాడికి చెప్పాలి, వాడి మాట వినాలి. వాడు ఏమన్నా మనం చేసేది చేసేస్తామనుకుంటే అడిగినట్టు నటించకూడదు. పదకొండేళ్ళ పిల్ల చివరి నిర్ణయం తీసుకోలేకపోవచ్చు. కానీ "నాకు ఇప్పటి క్లాసు బోరు కొడుతోంది నాన్నా" అన్నా, "నా ఫ్రెండ్స్ అందరూ వెళ్తున్నారు కాబట్టి వెళ్తాను" అన్నా, "నాకు భయంగా ఉందమ్మా" అన్నా, ఆ మూడు మాటలకూ మూడు వేరు వేరు జవాబులున్నాయి.

నాలుగవది, అన్నిటికంటే కష్టమైనది, ప్రయోజనం. ఇది ఎవరి కోసం? మనది ఎంసెట్ ర్యాంకుల తరం. ఒకటి రెండు మార్కుల తేడాతో సీటు వచ్చినవారం, పోగొట్టుకున్నవారం మనలో ఉన్నాం. లెక్కలకు దూరం నుంచే దండం పెట్టి బై.పి.సి.లో చేరిన డాక్టర్లం కూడా ఇప్పుడు పిల్లల ఆల్జీబ్రా గురించి నిద్ర పోగొట్టుకుంటున్నాం! అక్కడ మనకు ఉన్నది ఒకే తలుపు, అదీ ఒకే రోజు తెరుచుకునేది. ఇక్కడ చాలా చోట్ల వేసవిలో ఒక కోర్సు చేయవచ్చు, హైస్కూల్లో జామెట్రీ, ఆల్జీబ్రా 2 కలిపి తీసుకోవచ్చు, కమ్యూనిటీ కాలేజీలో చేరవచ్చు. మనకు కలిగిన భయం నిజమే. ఆ భయం మన రోజులది. దానిని పిల్లల పేరు మీద రాసి ఇవ్వకూడదు.

హిరణ్యకశిపుడు ప్రహ్లాదుణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఏం నేర్చుకున్నావు నాయనా అని ముద్దుగానే అడిగాడు. ప్రశ్న మంచిదే. తాను అనుకున్న జవాబే రావాలన్న పట్టుదల వల్ల ఆ ముద్దు కాస్తా కోపమయింది. పంచాంగంలో రాశిఫలాలతో పాటు రాజపూజ్యం, అవమానం అంకెలు చూసుకోవడం మనకు సరదా. స్కూలు ఉత్తరంలో మాత్రం ఆ రెండూ లేవు. ఎదుగుదల చార్టులో యాభయ్యో పర్సెంటైల్‌లో ఉన్న బిడ్డ ఆరోగ్యంగా ఉన్న బిడ్డే. ఆ అంకె మార్కు కాదు, కొలత మాత్రమే.

అయితే నాణానికి రెండో వైపు కూడా చూడాలి. ఒత్తిడి వద్దన్న పేరుతో సిద్ధంగా ఉన్న బిడ్డను వెనక్కి లాగడం కూడా అన్యాయమే. అబ్బాయి కోసం స్కూలుకు నాలుగుసార్లు తిరిగి, అమ్మాయి విషయంలో "ఎందుకులే, దానికి శ్రమ" అనే ఇళ్ళు మన మధ్య లేవా? ఇటీవలే ఈ దేశం వచ్చి, ఉత్తరం అర్థం కాక, అభ్యంతరం చెప్పవచ్చని తెలియక ఊరుకునే కుటుంబాలు మన గుడిలోనే ఉన్నాయి. వారి పిల్లల్లో నిజమైన అధికారులు ఉండవచ్చు. మన పిల్లల ఘనత చెప్పుకునే సమయంలో సగం వారికి ఈ వివరాలు చెప్పడానికి కేటాయిస్తే అది కూడా విద్యాదానమే అవుతుంది.

చివరగా, ఏ నిర్ణయం తీసుకున్నా దానికి ఒక గడువు పెట్టుకుందాం. కొత్త మందు మొదలుపెట్టిన రోగిని మళ్ళీ ఆరు వారాలకు రమ్మంటాం కదా, అలాగే. ముందే మూడు గుర్తులు అనుకోండి. ఆదివారం రాత్రి, సోమవారం ఉదయం మాత్రమే వచ్చే కడుపునొప్పి ఒకటి. తగ్గిపోయిన నిద్ర ఇంకొకటి: ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, పదమూడు దాటినవారికి 8 నుంచి 10 గంటలు కావాలి. ఇష్టంగా చేసే ఆటో పాటో మానేయడం మూడోది. ఇవి కనబడితే ముందు డాక్టరుకు చూపించండి, వేరే కారణం లేదంటే క్లాసు సంగతి మాట్లాడండి. ఒక మెట్టు దిగడం ఓటమి కాదని బిడ్డకు క్లాసు మొదలయ్యే ముందే చెప్పి ఉంచండి. దిగాల్సి వచ్చిన రోజున చెబితే ఓదార్పులా వినిపిస్తుంది, ముందే చెబితే ధైర్యంలా ఉంటుంది.

మార్కులు, తరగతులు ఏడాదికోసారి మారతాయి. మా అమ్మానాన్నలు నన్ను చూసి నిర్ణయించారా, పక్కవాళ్ళను చూసి నిర్ణయించారా అన్నది మాత్రం పిల్లలకు చాలాకాలం గుర్తుంటుంది. ఈ ఉగాదికి ఆ ఉత్తరం వచ్చిన ఇళ్ళన్నిటికీ స్థిమితమైన ఆలోచన, పిల్లలందరికీ చదువు మీద ఇష్టం కలగాలని ఆ సరస్వతీదేవిని వేడుకుంటూ, సభ్యులందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.