ఇంటి చుట్టు నేల ఎవరిది?

గృహస్థాశ్రమము మిగిలిన మూడు ఆశ్రమములకును ఆధారమని ధర్మశాస్త్రములు చెప్పుచున్నవి. బ్రహ్మచారి భిక్షకు వచ్చునది గృహస్థుని వాకిటికే. సన్న్యాసి ఒక పూట నిలుచునది అతని అరుగు మీదనే. కావున ఇల్లు ఎట్లుండవలెనను ప్రశ్న మేస్త్రీకిని ఇంజనీరుకును మాత్రమే విడిచిపెట్టదగినది కాదు. ఇంటి చుట్టు ఎంత నేల ఉంచుకొనవచ్చును, పొరుగింటికి ఎంత దూరముగా ఉండవచ్చును, ఆ దూరమునకు వెల ఎవరు చెల్లించుచున్నారు అనునవి ధర్మవిచారణకు తగిన విషయములే.

కడప జిల్లాలో వీరపునాయునిపల్లె, జమ్మలమడుగు ప్రాంతపు గ్రామములలో పాత మట్టిమిద్దెలు ఒకదానినొకటి ఆనుకొని కట్టబడినవి. అనేకచోట్ల రెండిండ్లకు నడుమ గోడ ఒక్కటే. రాతిగోడలపై దూలములు, వానిపై దంతెలు, అన్నిటిపైన వాన దిగకుండ చౌడుమన్ను. వెలుతురునకు కప్పులో ఒక గవాక్షము. వేసవి రాత్రులలో ఊరంతయు మిద్దెలపైననే పడుకొనెడిది. ఒక మిద్దెనుండి మరియొక మిద్దెకు క్రిందికి దిగకుండనే పోవచ్చును. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు సీమలో జొన్నకు, శనగకు పనికివచ్చు నేలను ఇంటిక్రింద పరచుకొనుట ఆ రైతులకు తోచని పని. దొంగల భయమును, కక్షల భయమును కూడ ఇండ్లను దగ్గరకు చేర్చినవి.

అయితే ఆ సామీప్యమును మరీ పొగడరాదు. గోడలు కలిపి కట్టుకొన్న ఆ ఊళ్లే మాలమాదిగలను ఊరి వెలుపల, పొలములకు అవతల ఉంచినవి. లోపలివారికి ఉమ్మడి గోడ, వెలుపలివారికి దూరము! ఇండ్లు ఇరుకుగా ఉన్నంత మాత్రమున హృదయములు విశాలమగునని చెప్పుటకు వీలులేదు.

ఈ దూరమునే చట్టముగా వ్రాసికొన్న దేశము అమెరికా. ఒహాయో రాష్ట్రములోని యూక్లిడ్ అను గ్రామము తన నేలను నివాసములకు, వ్యాపారములకు వేరువేరుగా విభజింపగా, ఆ విభజన చెల్లునని అక్కడి సుప్రీంకోర్టు 1926లో తీర్పు చెప్పినది. విడియిండ్ల నడుమ లేచిన అపార్టుమెంటును ఆ తీర్పు పరాన్నభుక్కుతో పోల్చినది. 1947లో న్యూయార్కు సమీపమున లాంగ్ ఐలాండులో లెవిట్‌టౌన్ అను కాలనీ ఆరంభమైనది. ఒకే తీరున వేలకొలది ఇండ్లు, ప్రతి ఇంటిముందు లాన్ అను పచ్చిక. వారమునకొకసారి గడ్డి కోయవలెననునది అక్కడి నిబంధన. నల్లజాతివారు ఆ ఇంట నివసింపరాదనునది మరియొక నిబంధన. గడ్డి ఎత్తును కొలిచిన చేయియే మనిషి రంగును కూడ కొలిచినది. మాలపల్లెను ఎరిగిన తెలుగువారికి ఇది వింతగా తోచదు.

అమెరికాలోని పచ్చికలన్నియు కలిసి సుమారు 1,60,000 చదరపు కిలోమీటర్లుండునని 2005లో శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి. అనగా ఇంచుమించు నేటి ఆంధ్రప్రదేశ్ అంత నేల! మొక్కజొన్నతో సహా ఆ దేశములో నీరు పెట్టి పెంచు ఏ పంటకును అంత విస్తీర్ణము లేదు. తెలుగునేలపై గడ్డి పశువుల మేతకు పోవును, గరికయైనచో వినాయకుని పూజకు పోవును. ఆ లాన్ గడ్డిలో అధికభాగము ఏ ఆవు నోటికిని అందక, కోయబడి పారవేయబడును. టెక్సాస్ రాష్ట్రములో డల్లాస్ చుట్టుప్రక్కల స్థిరపడిన తెలుగు కుటుంబములు కరువుసీమనుండి పోయినవైనను, గడ్డి పెరిగిననో ఎండిననో కాలనీ సంఘమునుండి నోటీసు వచ్చునని యంత్రముతో కోయుచు, నీరు పెట్టుచు ఉండును. ఆ దేశమువారికిని పునరాలోచన కలుగకపోలేదు. ఒక్కొక స్థలములో ఒక్క కుటుంబమే ఉండవలెనను నియమమును విడుచుటకు మినియాపొలిస్ నగరము 2018లో నిశ్చయించినది. లాస్ వేగస్ ప్రాంతములో, చూచుటకు తప్ప మరి దేనికిని పనికిరాని పచ్చికను తొలగింపవలెనని నెవాడా రాష్ట్రము 2021లో శాసనము చేసినది.

ఇక కడప సీమకు నీరు ఎట్లు వచ్చినదో తలచుకొనవలెను. గాలేరు-నగరి పథకములో గండికోట జలాశయమునుండి నీరు వామికొండకు, అక్కడనుండి వీరపునాయునిపల్లె మండలములోని సర్వరాయసాగరమునకు చేరవలెను. గండికోటలో 2020లో నీటిమట్టము పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు గ్రామము ఖాళీ చేయబడి మునిగిపోయినది. ఒక ఊరి గోడలు మునిగిన పిమ్మట నిలిచిన నీరది. దానిని ఇంటి సొగసుకొరకు నేలపై చల్లుటకు ముందు ఎవరైనను ఒక క్షణము ఆగవలసియుండును. ఇక్కడ లాన్ల బెడద ఇంకను రాలేదు. వచ్చినది మరియొక రూపము. ప్రొద్దుటూరు, పులివెందుల మార్గముల వెంబడి పొలములలో హద్దురాళ్లు నాటి, ప్లాట్లుగా అమ్ముచున్నారు. కొన్నవారిలో ఇల్లు కట్టువారు కొందరే. మిగిలినవారు ధర పెరుగువరకు వేచియుందురు. అంతవరకు అక్కడ పంటయు ఉండదు, మనిషియు ఉండడు. కంపచెట్లు మాత్రము పెరుగును.

ఇట్టివారే పేదవానికి “భూమి చాలదు, అపార్టుమెంటులో సర్దుకొనుము” అని బోధించుట వినవచ్చుచున్నది. పట్టణ పేదలకు టిడ్కో సంస్థ బహుళ అంతస్తుల భవనములలో 300, 365, 430 చదరపు అడుగుల ఇండ్లు కట్టించినది. 2020 డిసెంబరు 25న, ముక్కోటి ఏకాదశినాడు, ఇండ్ల స్థలముల పంపిణీ ఆరంభమైనది. పట్టణములో ఒక సెంటు, పల్లెలో ఒకటిన్నర సెంటు. సెంటనగా 435 చదరపు అడుగులకు పైచిలుకు. లెక్కకు రెండును ఒక్కటియే. కాని పేద కుటుంబమునకు ఒక్కటి కాదు. సెంటు నేలయందు వాకిట మేకను కట్టవచ్చును, కల్లాపి చల్లి ముగ్గు పెట్టవచ్చును, కుమారునికి పెండ్లియైనచో పైన ఒక గది వేయవచ్చును. మూడవ అంతస్తులో ఇవేవియు సాగవు. అట్లని సెంటు స్థలము పనికి, బడికి దూరముగా ఉన్నచో ఆ సుఖమంతయు బస్సు చార్జీలకే సరి. 2025లో ప్రభుత్వము పట్టణమునకు రెండు, పల్లెకు మూడు సెంట్లుగా నిర్ణయించినది. అదియైనను ఐదుగురున్న ఇంటికి ఎక్కువని ఎవరనగలరు? కలిసియుండుట ధర్మమైనచో ముందుగా ఎక్కువ నేల ఉన్నవాడు ఆచరింపవలెను గదా!

వామనమూర్తి బలిచక్రవర్తిని మూడడుగుల నేల అడిగెను. ఊళ్లు, ఏనుగులు కోరుకొమ్మని బలి చెప్పినను, మూడడుగులతో తృప్తి లేనివానికి ద్వీపములు లభించినను తృప్తి ఉండదని వటువు ఉత్తరమిచ్చెను. పౌరాణికులు ఇక్కడ ఆగి తృప్తిని గూర్చి ప్రవచించుట పరిపాటి. అయితే కథ అక్కడ ముగియలేదు. కొలిచిన పాదము పెరిగెను. మూడవ అడుగునకు చోటు లేకపోయెను. గృహస్థుని అవసరమును ఆ పాదము వలెనే పెరుగును. మొదట పడకగది, తరువాత కారునకు చోటు, ఆ తరువాత చూచుటకొక పచ్చిక. వామనునికి మూడవ అడుగు మోపుటకు బలి తన శిరస్సునే చూపెను. గృహస్థుని మూడవ అడుగు మాత్రము సాధారణముగా ఇతరుల శిరస్సుమీద పడుచున్నది, వారు చూపకపోయినను.

పాత ఊళ్లలో ఉమ్మడి గోడ కూలినపుడు ఖర్చు చెరి సగమా, వాన దిగిన వైపువారిదా అని తగవు వచ్చెడిది. పెద్దమనుషులు అరుగుమీద కూర్చుండి, ఇరువైపులవారిని పిలిచి, ఆ గోడమీద ఎవరి దూలము మోపియున్నదో వెళ్లి చూచెడివారు.