చేసిపెట్టుటయా, చేయ నేర్పుటయా?



మన తాతలు రైల్వేలలో, గనులలో, మిల్లులలో పనికొరకు స్వంత ఊళ్ళు విడిచి వచ్చారు. చదువురానివారు ఇంటికి ఉత్తరము వ్రాయించుకొనుటకు అక్షరము వచ్చినవారి అరుగు మీద కూర్చునేవారు. ఇంటి గుట్టు అంతా ఆ వ్రాసేవాని చెవిని పడేది. అతడు నమ్మకస్థుడైతే అది అక్కడే ఆగేది. నేడు ఉత్తరము స్థానములో సెల్ ఫోను వచ్చింది. బాగా చదువుకొన్న పెద్దలు సైతము మరల ఒకరి అరుగు మీద కూర్చోవలసి వస్తున్నది. వారికి తోడ్పడుటకు మన యౌవనస్థులు ముందుకు వస్తున్నారు. ఇది సంతోషించదగిన విషయమే. అయితే సహాయము అనగా ఏమి? పని చేసిపెట్టుటయా, చేయ నేర్పుటయా? మా పొరపాటు వలననే ఈ ప్రశ్న మాకు ఎదురైంది. అందుచేత దానిని మీ యెదుట పెడుతున్నాము.

హుబ్లీలో మాకు తెలిసిన ఒక పెద్దామె ఉన్నారు. భర్త రైల్వేలో పనిచేసి గతించారు. పిల్లలు పూనాలో ఉంటారు. కుటుంబ పింఛనుతో ఆమె ఒక్కరే కాలము గడుపుతున్నారు. పింఛనుదారులు ఏటేటా నవంబరులో తాము జీవించియున్నట్లు ధ్రువపత్రము ఇవ్వవలెను. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ అను పద్ధతి వచ్చిన తరువాత దీనిని వేలిముద్రతో ఇచ్చే వీలు కలిగింది. 2021 నవంబరు నుండి ఫోను కెమెరాకు ముఖము చూపించి కూడ ఇవ్వవచ్చును. మేము చురుకైన ఒక తమ్ముణ్ణి ఆమె ఇంటికి పంపాము. అతడు పది నిమిషములలో పని ముగించాడు. అంతటితో ఆగక, డబ్బు పంపే సదుపాయము కూడ ఫోనులో అమర్చి, రహస్య సంఖ్యను తానే నిర్ణయించి, కాగితము మీద వ్రాసి ఫోను కవరులో పెట్టాడు. మేము అతనిని మెచ్చుకొన్నాము.

మరుసటి సంవత్సరము అతనికి వేరే ఊరిలో ఉద్యోగమైంది. నవంబరు గడిచిపోయింది. డిసెంబరులో ఆమెకు పింఛను పడలేదు. "మాకు ఒక మాట చెప్పవలసింది కదా అమ్మా" అని అడిగాము. "ఎన్నిసార్లు బ్రతిమాలుకొనేది నాయనా? మునుపు నేనే బ్యాంకుకు పోయి సంతకము చేసి వచ్చేదానిని. ఫోనులో ఇచ్చిన తరువాత బ్యాంకులో తీసుకోరేమో అనుకొన్నాను. ఫోను నా చేతిలోనే ఉంది గాని అది నాది కాదు" అన్నారు.

ధ్రువపత్రము ఇచ్చిన తరువాత ఆగిన సొమ్ము వచ్చింది. కాని ఆ మాట మాత్రము మమ్మును విడువలేదు. పది నిమిషములలో ముగించుట ఎవరి సౌకర్యము కొరకు? మాకు తొందర, ఆమెకు కాదు. మేము వెళ్ళక మునుపు తన పని తాను చేసుకొన్న మనిషి, మా సహాయము తరువాత చేతకానివారయ్యారు.

అయితే అందరికీ నేర్పి తీరవలెనని పట్టుపట్టుట కూడ న్యాయము కాదు. చూపు మందగించినవారు, చేతులు వణకేవారు, "ఇది నాకు వద్దు" అనేవారు ఉన్నారు. వారికి ప్రేమతో చేసిపెట్టుటే సరియైనది. బ్యాంకుకు వెళ్ళే పాత దారి తెరచియే ఉన్నది. కొంత రుసుము ఇస్తే తపాలా ఉద్యోగి ఇంటికే వచ్చి ధ్రువపత్రము తీసుకొనే ఏర్పాటు ఉన్నది. ఏది కావలెనో వారిని అడగాలి. మేము అడగలేదు. మా తప్పు అక్కడ మొదలైంది.

నేర్చుకొంటామనేవారికి ఏ భాషలో నేర్పాలి? పరరాష్ట్రములలో ఉన్న మనకు ఇది చిన్న సంగతి కాదు. ఆ పెద్దామె తెలుగు చక్కగా చదువుతారు. ఫోను ఇంగ్లీషులో ఉండుటచేత భయపడ్డారు. దానిని తెలుగులోకి మార్చాము. సెలవులకు వచ్చిన మనుమడు తెలుగు మాట్లాడును గాని అక్షరములు రావు. ఇప్పుడు ఆమె చదివి చెప్పాలి, వాడు ఎక్కడ నొక్కాలో చూపాలి. వాడు ఫోను లాగుకొని చేసివేసే వీలు లేకపోయింది! మరికొందరు పెద్దలు తెలుగు మాట్లాడుదురు గాని బడిలో నేర్చినది కన్నడమో, అరవమో, ఒరియానో. వారి ఫోను ఆ లిపిలోనే ఉండాలి.

రహస్య సంఖ్య విషయములో మాత్రము రెండు అభిప్రాయములకు తావు లేదు. అది పెద్దవారిదే. అది వేసేటప్పుడు మనము ముఖము ప్రక్కకు త్రిప్పుకోవాలి. యు.పి.ఐ.లో డబ్బు పంపుటకు సాధారణముగా ఆ సంఖ్య కావాలి గాని, పుచ్చుకొనుటకు అక్కరలేదు. ఈ ఒక్క మాట తెలిసినా అనేక మోసములు తప్పుతాయి. పోలీసులమని చెప్పి వీడియోలో బెదిరించే "డిజిటల్ అరెస్టు" అనునది చట్టములో లేనే లేదు. మోసపోతే ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి. అయితే మోసగాండ్రు ఒంటరివారిని చిక్కించుకొనేది వారు తెలివితక్కువవారని కాదు, "ఇది నిజమేనా?" అని అడుగుటకు ప్రక్కన ఎవరూ లేరు గనుక. వెళ్ళి వారి యొద్ద కూర్చునేవారు ఉండుటే వారికి మంచి కాపుదల.

ఆ తరువాతి నవంబరులో మేము మరల వెళ్ళాము. చేతులు వెనుకకు కట్టుకొని కూర్చున్నాము. వెలుతురు చాలక రెండుసార్లు తప్పింది. ఆమె లేచి కిటికీ యొద్దకు వెళ్ళి మూడవసారి ముఖము చూపించారు. ముప్పావుగంట పట్టింది. పని అయిన తరువాత కాఫీ ఇచ్చి, భర్త ఉద్యోగపు రోజుల సంగతులు చెప్పారు. మొదటి సంవత్సరము పది నిమిషములలో ముగించినప్పుడు ఆ సంగతులు వినే భాగ్యము మాకు లేకపోయింది.

ప్రియులారా, మీ వీధిలో ఒంటరిగా ఉన్న పెద్దవారు ఎవరు? వారిలో ఒకరి ఇంటికి ఈ నెలలో వెళ్ళండి. ఫోను వారి చేతిలోనే ఉండనివ్వండి. తొందరపడి లేవకండి.