సావోయ్ నేల మీద ఆడినవాళ్లు

న్యూయార్క్ నగరం హార్లెంలో, లెనాక్స్ అవెన్యూ మీద 1926లో సావోయ్ బాల్‌రూమ్ తెరిచారు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి ఆడగలిగిన చోటు అది; ఆనాటి అమెరికాలో అది అరుదు. చిక్ వెబ్ బ్యాండు వాయిస్తుంటే, హార్లెం కుర్రకారు లిండీ హాప్ నాట్యాన్ని అక్కడే పెంచి పెద్ద చేసింది.

ఫ్రాంకీ మానింగ్ వాళ్లలో ఒకడు. 1935లో ఒక పోటీలో తన జోడీని వీపు మీదుగా గాలిలో తిప్పి దించాడు. 1941 నాటి 'హెల్జపాపిన్' సినిమాలో ఆయన బృందం ఆట చూస్తే ఇప్పటికీ కళ్లు తిప్పుకోలేం. కానీ అంతటి కళాకారులకు అందులో దక్కినవి వంటవాళ్ల, పనిమనుషుల వేషాలు! స్వింగ్ సంగీతం మీద మోజు తగ్గాక మానింగ్ దశాబ్దాల పాటు పోస్టాఫీసులో ఉద్యోగం చేశాడు. 1980లలో యువ నర్తకులు వెతుక్కుంటూ వచ్చాకే మళ్లీ గురువయ్యాడు. డెబ్బై దాటిన వయసులో దేశదేశాలు తిరిగి నేర్పాడు.

ఇవాళ స్టాక్‌హోంలోనూ సియోల్‌లోనూ ఆ అడుగులు నేర్పుతున్నారు. అడుగులు తీసుకుని, వాటిని కన్న మనుషుల పేర్లు వదిలేస్తే అది నాకు అన్యాయంగానే తోస్తుంది. ఈ నాట్యాల ఉత్సవాలు నడిపేవాళ్లు నల్లజాతి గురువులనూ వాద్యకారులనూ పిలవాలి, తగిన పారితోషికం ఇవ్వాలి.

బ్లూస్ నాట్యానికైతే ఇలా మూలాలను గుర్తుచేయడం మరీ అవసరం. చాలామంది దాన్ని నెమ్మదైన ప్రణయ నృత్యం అనుకుంటారు. మోకాళ్లు కాస్త వంచి, బరువును నేలకు వదిలే ఆ తీరు ఆఫ్రికా నాట్యాల వారసత్వమని నేర్పేవాళ్లు మొదటి పాఠంలోనే చెప్పాలి. విద్యార్థి నిలబడే పద్ధతే మారుతుంది.