ఎప్పుడు చూశావు, ఎంతసేపు చూశావు

మా గొల్లపల్లిలో ఎండాకాలం రాత్రుళ్ళు దాబా మీదే పడుకునేవాళ్ళం. కరెంటు పోయేది కాబట్టి ఆకాశం బాగా కన్పించేది. జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్తాను కనుక కొన్ని చుక్కల పేర్లు నాకు తెలుసు, కొన్ని అమ్మకు తెలుసు. చీకటి పడుతూనే పడమట వాలే మూడు చుక్కల్ని నేను ఓరియన్ బెల్టు అంటే అమ్మ గొర్రుకొయ్యలు అనేది. ఆమె పేరే బాగుందని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. మే నెలలో అర్ధరాత్రి కావస్తుంటే స్వాతి నక్షత్రం దాదాపు నడినెత్తి మీదికి వచ్చేది. ఆ దాబా మీద ఒక రాత్రి నేను విన్నదాని గురించి పదిహేనేళ్ళకు పైగా ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే ముందు ఆకాశం గురించి కొంత చెప్పాలి.

2008 మార్చి 19న, ఆ స్వాతి ఉన్న నక్షత్ర మండలంలోనే, ఒక పేలుడు వెలుగు భూమిని చేరింది. మనకప్పుడు పొద్దున పదకొండు నలభై దాటింది. ఎండలో ఏం కన్పిస్తుంది? రాత్రి ఉన్న దేశాల్లో, మబ్బు లేని చోట, సుమారు అరనిమిషం పాటు అది మామూలు కంటికి ఆనేంతగా వెలిగింది. దాదాపు 750 కోట్ల ఏళ్ళు ప్రయాణం చేసి వచ్చిన వెలుగు. అది బయల్దేరిన నాటికి భూమి లేదు, సూర్యుడూ లేడు. ఆ అరనిమిషం ఎవరైనా తలెత్తి చూశారేమో, చూసినా అదేమిటో వాళ్ళకు తెలిసి ఉండదు. కొన్ని కెమెరాలకు మాత్రం మొదటి నుంచీ చిక్కింది. ఎందుకంటే అరగంట ముందు అదే వైపున, కొంచెం పక్కగా, ఇంకో పేలుడు జరిగింది. దాని కోసం అవి అప్పటికే అటు తిరిగి ఉన్నాయి.

వీటిని గామా కిరణాల పేలుళ్ళు అంటారు. చాలా పెద్ద నక్షత్రం లోపలికి కూలిపోయినప్పుడు, లేదా రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఒకదానిలో ఒకటి పడిపోయినప్పుడు, కొన్ని క్షణాల సేపు గామా కిరణాలు సన్నటి ధారలాగా దూసుకొస్తాయి. రెండు సెకన్ల లోపు ముగిసేవి ఒక జాతి, ఆపైన సాగేవి ఒక జాతి అని 1993లో లెక్క తేల్చిన బృందానికి ముందు నిలిచిన శాస్త్రవేత్త క్రిస్సా కువెలియోటు, గ్రీసు దేశంలో పుట్టిన స్త్రీ. గామా కిరణాలు మన గాలిపొరను దాటి కిందికి రావు. కాబట్టి వీటిని పట్టాలంటే ఉపగ్రహం ఉండాలి.

మొదట పట్టింది కూడా వీటి కోసం పంపిన ఉపగ్రహాలు కాదు. అణుపరీక్షలు చెయ్యమని 1963లో ఒప్పందం రాసుకున్నాక, సోవియట్ వాళ్ళు దొంగచాటుగా బాంబు పేలుస్తారేమోనని అమెరికా వేలా అనే ఉపగ్రహాల్ని కాపలా పెట్టింది. 1967 జులై 2న వాటికి ఏదో తగిలింది, బాంబులా లేదు. ఆ రికార్డు పక్కన పెట్టారు. తర్వాత పాత రికార్డులు తిరగేస్తే అలాంటివే మరికొన్ని తేలాయి. 1973లో గానీ ప్రపంచానికి చెప్పలేదు. ఆపైన ఇంకో ఇరవై నాలుగేళ్ళు ఒకటే వాదన, ఇవి మన పాలపుంత దగ్గరివా, విశ్వం అవతలి కొసవా అని. పేలుడు విన్పిస్తోంది గానీ ఏ ఇంట్లోంచి విన్పిస్తోందో తెలియదు.

1997 ఫిబ్రవరి 28న అది తేలడం మొదలైంది. ఇటలీ, డచ్ వాళ్ళు కలిసి పంపిన బెప్పోసాక్స్ ఉపగ్రహం ఒక పేలుడును పట్టి, గంటల్లో ఆ వైపుకే తన ఎక్స్‌రే కన్ను తిప్పింది. అక్కడ ఆరిపోతున్న వెలుగు ఒకటి కన్పించింది. భూమి మీది టెలిస్కోపులకూ ఆ చోట ఒక చుక్క చిక్కింది, కొద్ది రోజుల్లో మసకబారిపోయింది. దీన్ని ఆఫ్టర్‌గ్లో అంటారు, నేను మలివెలుగు అంటాను. పేలుడు చెప్పలేని సంగతులన్నీ ఇది చెప్తుంది. ఎంత దూరం, ఏ పాలపుంతలో, చుట్టూ ఎంత ధూళి ఉంది. కానీ ఆగదు. మోటుగా చెప్పాలంటే, గంటకు ఉన్న వెలుగు పది గంటలకు పదో వంతు అవుతుంది, నూరు గంటలకు నూరో వంతు. అందుకే 2004 నవంబరులో పంపిన స్విఫ్ట్ ఉపగ్రహాన్ని, పేలుడు తగలగానే ఎవరి అనుమతీ అడక్కుండా ఒకటి రెండు నిమిషాల్లో తనకు తానే అటు తిరిగేలా తయారు చేశారు. తిరుగుతూనే కింద ఉన్న అందరికీ కబురు పెడుతుంది. ఆ కబురు అందగానే ఎక్కడ రాత్రి ఉంటే అక్కడి వాళ్ళు చేతిలో పని వదిలి అటు చూస్తారు. పెరట్లో టెలిస్కోపు పెట్టుకున్న ఔత్సాహికులు కూడా.

మన దగ్గరా ఈ పని జరిగింది. శ్రీహరికోట నుంచి స్రాస్ అనే చిన్న ఉపగ్రహాల్ని ఈ పేలుళ్ళను వినే పరికరంతో పంపారు. 1987లో ఒకటి, 1988లో ఒకటి కక్ష్యకు చేరకుండానే పోయాయి. 1992లో మూడోది కొద్ది వారాలే బతికింది. 1994 మే 4న పంపిన నాలుగోది ఏళ్ళ తరబడి పనిచేసి పేలుళ్ళను నమోదు చేసింది. 2015 సెప్టెంబరు 28న అదే శ్రీహరికోట నుంచి ఆస్ట్రోశాట్ వెళ్ళింది, అందులోని ఒక పరికరం పని మొదలుపెట్టిన రోజే, అక్టోబరు 6న, ఒక పేలుడును పట్టుకుంది. లడఖ్‌లో హాన్లే దగ్గర సుమారు 4,500 మీటర్ల ఎత్తున ఉన్న టెలిస్కోపును బెంగుళూరు దగ్గరి హోస్కోటెలో కూచుని తిప్పుతూ మలివెలుగుల్ని వెతికారు. శ్రీహరికోట అనగానే నాకు ఇంకొకటి కూడా గుర్తొస్తుంది, రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు ఆ దీవి నుంచి కదిలించిన యానాదులు. వాళ్ళు అక్కడ ఎట్లా ఉండేవాళ్ళో చెప్పే రికార్డు ఎంత ఉంది, రాకెట్ల రికార్డు ఎంత ఉంది? అది వేరే వ్యాసం.

నన్ను పట్టి కుదిపింది ఈ యంత్రాలు కాదు, వాళ్ళు ఒకరికొకరు పంపుకునే సర్క్యులర్లు. ఐదారు వాక్యాలుంటాయి. ఫలానా పేలుడు జరిగిన ఇన్ని నిమిషాలకు, ఇంత పెద్ద టెలిస్కోపుతో, ఇంతసేపు చూశాం, ఫలానా చోట ఇంత వెలుగున్న చుక్క కన్పించింది. ఇది సరే. కానీ వాటిలో చాలా సర్క్యులర్లు ఏమీ కన్పించలేదని చెప్పేవే. అవీ అంతే వివరంగా ఉంటాయి. ఎప్పుడు చూశాం, ఎంతసేపు చూశాం, ఎంత మసక చుక్క వరకూ మా కంటికి ఆనుతుంది. అంతకన్నా మసకది ఉందో లేదో మేం చెప్పలేం. మబ్బు పట్టిందంటే అదీ రాస్తారు. ఉపగ్రహం పొరబడి కబురు పెడితే, అది పేలుడు కాదని ఇంకో సర్క్యులర్ వస్తుంది, అంతే. ఉత్తపుణ్యానికి లేపావని ఎవరూ ఎవర్నీ తిట్టరు, మరుసటి కబురుకు లేవకుండా ఉండరు.

1997 ఆగస్టులో ఒక పేలుడుకు ఎక్స్‌రే వెలుగు దొరికింది, మామూలు వెలుగు ఎంత వెతికినా దొరకలేదు. తర్వాత అలాంటివి చాలా వచ్చాయి. వాటికి చీకటి పేలుళ్ళని పేరు పెట్టారు. గమనించండి, పేలుడే జరగలేదని ఎవరూ అనలేదు. వెలుగును ఏ ధూళి మింగిందో అడిగారు. మనం ఆలస్యంగా చూశామా అని అడిగారు. మన పరికరం చాలదా అని అడిగారు.

ఈ మాటలు చదివినప్పుడు నాకు మథుర కేసు గుర్తొచ్చింది. 1972లో మహారాష్ట్రలో, మనకు ప్రాణహిత అవతలి జిల్లాలో, పోలీస్ స్టేషన్లో ఒక ఆదివాసీ పిల్ల మీద అత్యాచారం. 1978లో సుప్రీం కోర్టు ఇద్దరు పోలీసులనూ వదిలేసింది. ఆ పిల్ల ఒంటి మీద గాయాల గుర్తులు లేవన్నది అందులో ఒక కారణం. గుర్తు లేదు కాబట్టి జరిగింది బలవంతం కాదు. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు కోర్టుకు బహిరంగ లేఖ రాశారు, ఆడవాళ్ళు వీధుల్లోకి వచ్చారు, 1983లో చట్టం మారింది. చట్టం సంగతి అది. నా సంగతికి వస్తాను.

2009 మే నెల. మా వెనక ఇంటామె బీడీలు చేసేది. భర్త మస్కట్ నుంచి రెండు నెలల సెలవు మీద వచ్చి ఉన్నాడు. ఆ రాత్రి మొదట ఏదో గిన్నె పడిన చప్పుడు, తర్వాత ఆమె గొంతు. నేను లేచి కూచున్నాను. అమ్మ కళ్ళు తెరవకుండానే అంది: “పండుకో బిడ్డా. మొగడు పెండ్లాల లొల్లి. మనం నడుమల పోతే రేపు ఆమెనే మనల్ని అంటది.” పోయాక అక్కడేం లేకపోతే ఇజ్జత్ పోతదన్న భయం కూడా నాకుంది. మళ్ళీ విన్పించింది. ఇంకోసారి విన్పించింది. పడుకున్నాను.

మర్నాడు కాలేజీకి పోయే ముందు, పెరుగుకు తోడు అడిగే వంకతో వెళ్ళాను. ముందర చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తోంది. ఎడమ మణికట్టు వాచి ఉంది. ఏమైందని అడిగాను. “కుడితి బకెట్ ఎత్తంగ బెణికిందక్కా” అంది, నా వంక చూడకుండా. అప్పటికి పది గంటలు గడిచాయి. రాత్రే పోయి తలుపు కొట్టి ఉంటే ఏం చెప్పేదో నాకు తెలియదు. పది గంటల తర్వాత చెప్పింది మాత్రం ఇది.

దసరా పోయాక ఆమె బాయిలో తేలింది. కాలు జారిందన్నారు. పంచనామాకు వచ్చినతను మా గడపలో నిలబడి, ఎప్పుడన్నా రాత్రిపూట లొల్లి గిట్ల విన్నారా అని అడిగాడు. “లేదు సారూ, మాకేం వినరాలే” అంది అమ్మ. అతను నా వైపు చూశాడు. తల అడ్డంగా ఊపాను. కాగితం మీద రాసుకున్నాడు, చుట్టుపక్కల వాళ్ళెవరూ ఏమీ వినలేదని. ఎప్పుడు, ఎంత దూరం నుంచి, ఎన్ని రాత్రులు వినలేదని అతను అడగలేదు, మేం చెప్పలేదు.

ఈ పోలిక తప్పని నాలో నేనే చాలాసార్లు వాదించుకున్నాను. నక్షత్రానికి నొప్పి లేదు. మనం చూసినా చూడకున్నా దానికేం కాదు. ఆడదాని సంగతి అట్లా కాదు. మా ఊళ్ళో ఆమె మీద కళ్ళకేం తక్కువ లేదు. భర్త గల్ఫులో ఉన్న ఆడమనిషి ఎవరితో మాట్లాడింది, ఎప్పుడు ఇంటికొచ్చింది, ఏ చీర కట్టింది, ఊరందరి దగ్గరా లెక్క ఉంటుంది. ఆ కళ్ళను తప్పించుకోవడానికే కదా మనం ఇంత పోరాడింది. ఇప్పుడు మళ్ళీ చూడండని నేను ఎవరికి చెప్పను? వేలా ఉపగ్రహాలు కూడా నిఘా కోసం పుట్టినవే. నిఘా కన్నుకు కన్పించింది బాంబు కాదనగానే రికార్డు పక్కన పడేశారు. మా ఊరి కన్నుకూ అంతే, రంకు కాదనగానే ఆసక్తి పోయింది. ఆమె పగలంతా ఎవరికీ కావలసిన దానికన్నా ఎక్కువ కన్పించింది, ఆ రాత్రి పిలిచినప్పుడు ఎవరికీ విన్పించలేదు. పిలిచినప్పుడు తిరగడానికీ, పిలవకపోయినా కాపలా కాయడానికీ మధ్య గీత ఎక్కడుందో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఆ రాత్రి మట్టుకు ఆమె పిలిచింది, అది తెలుసు.

ఇంకో వాదన, నేను వెళ్ళినా ఏం మారేదని. మారకపోను. మలివెలుగును చూసినవాళ్ళెవరూ నక్షత్రాన్ని తిరిగి నిలబెట్టలేదు. కానీ ఆ కాగితం మీద వేరే వాక్యం ఉండేది. ఆ వాక్యం లేకపోవడం వల్ల ఆమె ఇద్దరు పిల్లలూ తమ తల్లి కాలు జారి పోయిందనే వింటూ పెరిగారు.

అమ్మతో ఒకసారి అన్నాను, మనం అబద్ధం చెప్పినమని. బీడీ కట్టకు దారం చుడుతూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: “ఆమె నాలుగోపారి సుత మొత్తుకున్నది. నువ్వు పండుకున్నంక.”

అందుకని, ఆలస్యమైనా, వాళ్ళు రాసే పద్ధతిలోనే రాస్తున్నాను. 2009 మే నెల, రెండో వారం, తేదీ గుర్తు లేదు. రాత్రి పదకొండు దాటింది. కరెంటు లేదు, మబ్బు లేదు, గాలి లేదు. మా దాబా మీంచి ఆ ఇంటి వాకిలి ముప్పై అడుగులుంటుంది. నేను మూడుసార్లు విన్నాను, మా అమ్మ నాలుగుసార్లు విన్నది. మొదటిదానికి, మూడోదానికి మధ్య పావుగంట పట్టి ఉంటుంది. మూడోసారి మాటలు తెలిశాయి, “అవ్వో, సంపుతున్నడు” అని. ఆ పావుగంటలో ఇద్దరిలో ఎవరమూ మెట్లు దిగలేదు. టార్చిలైటు నా తలగడ పక్కనే ఉంది.