రెండోసారి అడగడం

గవ్వలు రెండోసారి వేయకూడదు. మా నాన్నగారు ప్రశ్న చెప్పడం నేర్పిన రోజే ఈ నియమమూ పెట్టారు. ఒకే సంగతికి మళ్ళీ వేయమన్నారంటే మొదటి జవాబు నచ్చలేదన్నమాట, అడిగినవాడికి కావలసింది ఊరటే తప్ప జవాబు కాదన్నమాట. మాచవరంలో నలభై ఏళ్ళుగా పంచాంగం చెబుతున్నాను. మిరప కల్లం ధర పలుకుతుందా లేదా అని ఎంతటి ఆసామి బతిమాలినా రెండోసారి వేయలేదు.

అలాంటివాణ్ణి పోయిన మాఘంలో మా మనవరాలి విషయంలో రెండోసారి అడిగాను.

దానికి పద్నాలుగేళ్ళు. కుడి పిక్క మీద కందిగింజంత మచ్చ ఉంటే రెండేళ్ళ కిందట మా కోడలు చూపించింది. పుట్టుమచ్చల శాస్త్రం తీసి, కాలి మీద మచ్చ ఉంటే దేశాలు తిరుగుతుందని చెప్పాను. పిల్ల మురిసిపోయింది. పుట్టినప్పుడు లేని మచ్చను పుట్టుమచ్చ ఎలా అన్నానో ఇప్పటికీ తెలియదు. తర్వాత వచ్చే మచ్చలన్నీ చెడ్డవని కాదు, చాలావాటికి ఏ భయమూ లేదట. ఇది మాత్రం ఏడాదిలో సెనగగింజంత అయింది. తలంటు పోసుకుంటుంటే రెండుసార్లు నెత్తురు చెమ్మ కనబడిందని కోడలు చెప్పినా, "అదృష్టపు మచ్చ, గిల్లకండి" అన్నాను. ఆ మాట నాది.

పిడుగురాళ్ళలో డాక్టరు కోసి తీసి ముక్కను పరీక్షకు పంపారు. పది రోజులకు కాగితం వచ్చింది. మెలనోమా అని ఉంది. చర్మపు క్యాన్సర్లలో చెడ్డది.

హైదరాబాదులో ఇంకొకరికి చూపిద్దామన్నాడు మా అబ్బాయి. మా బావగారు అడ్డుపడ్డారు. "గీత నాలుగో అధ్యాయంలో సంశయించేవాడి గతి ఏమిటో నీకు నేను చెప్పాలా? వైద్యుణ్ణి నమ్మాలి, దేవుణ్ణి నమ్మాలి. రెండు చోట్ల అడగడమంటే రెండు చోట్లా నమ్మకపోవడమే" అన్నారు. కోడలు అప్పటికే కోటప్పకొండకు మొక్కుకుంది. మొక్కాక కూడా అడగడం స్వామిని శంకించడమేమోనని ఆమె బెంగ. నాకైతే నాన్నగారి గవ్వలే గుర్తొచ్చాయి.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచించాను. గవ్వలు వేసినప్పుడు ఆ క్షణమే సాక్ష్యం. మళ్ళీ వేస్తే అది వేరే క్షణం, వేరే సాక్ష్యం. అందుకే ఆ నియమం. ఈ మచ్చ అలా కాదు. కోసిన ముక్క మైనపు దిమ్మలో కదలకుండా ఉంది. వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని పొరగా కోసి, రంగులద్ది గాజుపలక మీద పరిచిన ఆ సాక్ష్యం రేపు చూసినా, ఏడాది తర్వాత చూసినా అదే. మారేది చూసే కన్ను. రెండోసారి అడగడంలో సాక్ష్యానికి అవమానమేమీ లేదు.

ఇక సంశయం మాట. గౌతముడు న్యాయసూత్రాల్లో పదహారు పదార్థాలు లెక్కపెట్టాడు. ప్రమాణం, ప్రమేయం, మూడోది సంశయం. అనుమానం లేనివాడు విచారణకే రాడు. గీత తిట్టింది తేల్చుకోవడానికి అడుగు వేయని సంశయాన్ని. తేల్చుకోవడానికి బయలుదేరినదాన్ని కాదు. పొద్దున్నే బావగారితో ఇదే అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోరు.

పిల్లను ఎక్కడికీ తిప్పలేదు. గాజుపలకను గుంటూరులో స్కానర్లో పెట్టి, ముక్కలు ముక్కలుగా ఫొటోలు తీసి అన్నీ అతికి ఒకే బొమ్మ చేశారు. డిజిటల్ పాథాలజీ అంటారట. ఆ బొమ్మ హైదరాబాదులో ఒక డాక్టరమ్మ తెర మీదికి వెళ్ళింది. చర్మపు ముక్కలు చదవడమే ఆమె పని. మా అబ్బాయి ఫోన్లో మాట్లాడిస్తూ నాకూ ల్యాప్‌టాప్‌లో చూపించాడు. గులాబీ నేల మీద నేరేడు రంగు చుక్కలు. దగ్గరికి లాగితే చుక్కలు కోలగా, అరటి హస్తాలు వేలాడినట్టు గుంపులు గుంపులుగా దిగుతున్నాయి.

"పంతులుగారూ, లోతుకు పోయేకొద్దీ కణాలు చిన్నవవుతున్నాయి చూడండి, అది మంచి గుర్తు. కానీ ఇదుగో, అడుగున రెండు కణాలు చీలుతున్నాయి. ఇది నాకు నచ్చలేదు" అన్నారామె.

పిల్లల్లో ఇలాంటి మచ్చలున్నాయని 1948లో సోఫీ స్పిట్జ్ అనే అమెరికా వైద్యురాలు రాశారట. ఆమె కూడా వాటిని బాల్యపు మెలనోమాలనే అన్నారు. అవి మెలనోమాలా కనబడినా చాలావరకు ప్రాణం మీదికి రావని తర్వాత తేలి, ఆమె పేరే వాటికి పెట్టారు. పెద్దవాళ్ళ చర్మంలో ఇదే కనబడితే భయపడాల్సిందే. అందుకే మొదటి కాగితం రాసినాయన్ని తప్పుపట్టలేనన్నారు డాక్టరమ్మ. 2017లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం గురించి కూడా చెప్పారు. 187 మంది పాథాలజిస్టులకు 240 మచ్చల స్లైడ్లు పంచి చదివిస్తే, ఇటూ అటూ కాని మధ్యరకం మచ్చల దగ్గర సగం మంది కూడా నిపుణుల నిర్ణయంతో కలవలేదట. కొన్ని నెలల తర్వాత అవే స్లైడ్లు మళ్ళీ ఇస్తే తమ మాటకు తామే కట్టుబడనివాళ్ళూ ఉన్నారు.

"అయితే మా పిల్లకు క్యాన్సరా, కాదా?" అన్నాను.

"అవునని రాయలేను, కాదనీ రాయలేను. ఈ తరగతికి మా దగ్గర పేరే అది: ఎటు పోతుందో తెలియని స్పిట్జ్ కణితి."

నాకు మా పల్నాటి కొండ గుర్తొచ్చింది. మాచర్ల అవతల, సాగర్ నీళ్ళ మధ్య మిగిలిన నాగార్జునకొండ. ఆచార్య నాగార్జునుడు అక్కడ ఉన్నాడో లేదో చరిత్రకారులు తేల్చుకుంటారు. శూన్యవాది అని మావాళ్ళు ఆయన్ని గడప బయటే ఉంచారు. ఉంది, లేదు, ఉండీ లేదు, ఉన్నదీ కాదు లేనిదీ కాదు అనే నాలుగు మూలలనూ కాదన్నవాడు. న్యాయం చదువుకున్నవాణ్ణి, నాకు ఆయనంటే చిరాకుండేది. ప్రమాణాలతో వస్తువును నిరూపిస్తే ప్రమాణాలను దేంతో నిరూపిస్తావని మా గౌతముడి శిష్యుల్నే నిలదీశాడు మరి. ఆ డాక్టరమ్మ మాట విన్నాక ఆయన బాధ కొంచెం అర్థమైంది. మచ్చ తన పేరు నుదుటన రాసుకుని రాదు. గదులు మనం కట్టుకున్నవి. అది ఏ గదిలోనూ పట్టకపోతే తప్పు మచ్చది కాదు. అయినా వ్యవహారసత్యం ఒకటుందని ఆయనే అన్నాడు. పేరు తేలకపోయినా కత్తి పట్టక తప్పదు.

చుట్టూ ఇంకాస్త చర్మం తీశారు. మొదట అనుకున్న పెద్ద ఆపరేషన్ అవసరం లేదన్నారు. నాలుగు నెలలకోసారి చూపించుకోవాలి. శివరాత్రికి కోడలు కోటప్పకొండ వెళ్ళి మొక్కు తీర్చుకుంది. పూర్తిగా తగ్గిందని మొక్కు తీర్చావా అంటే, "తెలిసిందని తీర్చాను మామయ్యగారూ" అంది.

బావగారికి చెప్పని మాట ఒకటి ఇక్కడ రాస్తున్నాను. నమ్మదగిన మాట చెప్పే ఆప్తుడి లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ ఒకటేనని న్యాయసూత్రాలకు వాత్స్యాయనుడి భాష్యం. చూసి తెలుసుకున్నదాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలనుకునేవాడే ఆప్తుడు. తెలియదని తెర మీద వేలు పెట్టి చూపించిన ఆ డాక్టరమ్మ ఆ లెక్కలోకి వస్తుంది. అదృష్టపు మచ్చ అన్న నేను రాను.

ఇప్పుడూ మచ్చల ఫలితం అడగడానికి వస్తూనే ఉన్నారు. ఎప్పటినుంచి ఉంది, పెరిగిందా, రంగు మారిందా, నెత్తురు వచ్చిందా అని ముందు అడుగుతాను. పెరిగిందంటే పుస్తకం తీయను, పిడుగురాళ్ళ బస్సెక్కమంటాను. కోసి తీస్తే ఆ మైనపు దిమ్మనూ గాజుపలకనూ ల్యాబులో పారేయనివ్వకండి, అడిగి తెచ్చుకోండి. మావి ఇంట్లో పంచాంగాల అరలోనే ఉన్నాయి.