తాళము తీయు సంఖ్య



1961వ సంవత్సరము ఏప్రిల్ 12వ తేదీన సోవియట్ దేశపు యూరీ గగారిన్ వోస్టోక్ అను నౌకలో అంతరిక్షమునకు వెళ్లి, భూమిని ఒకసారి చుట్టి, 108 నిమిషములలో క్షేమముగా నేలకు దిగెను. మనుష్యులలో ఆ మార్గమున వెళ్లిన మొదటివాడు ఆయనే. వయస్సు 27 సంవత్సరములు. ఇది అనేకులెరిగిన సంగతి. ఆ నౌకలోని తాళమును గూర్చి వినినవారు కొద్దిమందే.

నౌకను నడుపు పని యంత్రములకే అప్పగింపబడెను. చేతితో నడుపు సాధనమున్నను, దానికి తాళము వేసిరి. ఏలయనగా శరీరమునకు బరువు తెలియని స్థితిలో మనుష్యునికి మతి చలించునేమోయని పెద్దలు భయపడిరి. మరి యంత్రము చెడినయెడల అతని గతి యేమి? అందుచేత తాళము తీయు సంఖ్యను కవరులో పెట్టి, అతికించి, నౌకలో ఉంచిరి. కవరు విప్పి చదువగలిగినవాడు స్వస్థచిత్తుడే యని వారి తలంపు. అయినను నౌకను సిద్ధపరచినవారిలో కొందరు, ఆ సంఖ్య 125 అని ఆయనకు ముందే రహస్యముగా చెప్పివేసిరి!

ఒకని నమ్మి పంపుచు, వాని చేతులు కట్టుట న్యాయమా?

వారి భయమును నిందింపరాదు. అంతకుముందు ఎవడును అక్కడికి వెళ్లియుండలేదు. అయితే 1963 మే నెలలో అమెరికా దేశస్థుడైన గోర్డన్ కూపర్, ‘విశ్వాసము’ అని అర్థమిచ్చు పేరుగల ఫెయిత్ 7 నౌకలో 22 సార్లు భూమిని చుట్టెను. చివరి చుట్లలో విద్యుత్తు సాధనములు చెడిపోయెను. ఆయన చేతి గడియారము చూచుకొనుచు, తన చేతులతోనే నౌకను నడిపి, కనిపెట్టుచున్న ఓడకు దగ్గరగా సముద్రములో దిగెను. చేతులు కట్టబడియుండిన ఏమగును? అభ్యాసము లేకుండిన ఆ స్వేచ్ఛ మాత్రము ఏమి మేలు చేయును?

ఏదెను తోటను జ్ఞాపకము చేసికొనుడి. దేవుడు ఆ వృక్షము చుట్టు కంచె వేయలేదు. ఆజ్ఞనిచ్చెను, చేతిని స్వేచ్ఛగా విడిచెను. తప్పిపోవుదురని ఎరిగియు మనుష్యుని యంత్రముగా చేయలేదు. బలవంతపు విధేయత ప్రేమ కానేరదు గదా.

మన యిండ్లలోను ఇట్టి తాళములున్నవి. పట్నమునకు చదువుకొన పంపిన కుమారుడు, అత్తవారింటికి వెళ్లిన కుమార్తె, పొలము చూచుకొనుచున్న తమ్ముడు, వీరిని నమ్ముచున్నామందుము గాని ఏ నిర్ణయమును వారి చేతికియ్యము. మొదట నేర్పుడి, హెచ్చరించుడి, ప్రార్థించుడి. ఆపద వచ్చిన గడియలో వారు కవరు వెదకుకొనునట్లు చేయక, సంఖ్యను ముందే చెప్పి పంపుడి.