కట్టకు గడువు

క్లమత్ నది అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో పుట్టి, ఉత్తర కాలిఫోర్నియా కొండల మీదుగా సుమారు 410 కిలోమీటర్లు పారి పసిఫిక్ సముద్రంలో కలుస్తుంది. గోదావరికి పులస ఎలాగో ఈ నదికి సాల్మన్ అలాగ: సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది. పులసకు లేని విశేషం ఒకటుంది. ఇక్కడి చినూక్ సాల్మన్ గుడ్లు పెట్టాక బతకదు. పుట్టిన చోటికి వచ్చి ప్రాణం విడుస్తుంది.

నది దిగువన యూరోక్, వారికి ఎగువన కారుక్, నది పుట్టే చోట క్లమత్ తెగలవారు ఉంటారు. యూరోక్, కారుక్ విశ్వాసంలో లోకాన్ని ఎవరో ఒకసారి సృష్టించి వదిలేయలేదు. అది ఏటా సడలుతుంది, ఏటా మనిషి దాన్ని చక్కదిద్దాలి. కారుక్‌లు ఆ క్రతువును పిక్యావిష్ అంటారు. లోకాన్ని బాగుచేయడమని అర్థం. తొలి సాల్మన్‌ను విధి ప్రకారం పడతారు, క్రతువు ముగిసేదాకా మిగతావారు చేప ముట్టరు. అంటే చేపల వేట వీరికి హక్కు కాకముందే ఒక విధి. మన మాటల్లో చెప్పాలంటే ఋణానికి దగ్గర.

ఇక్కడ ఒక అపోహ తొలగాలి. నదికి అడ్డుకట్ట వేయడమే పాపమని వీరి మతం చెప్పదు. కెపెల్ అనే ఊరి దగ్గర యూరోక్‌లే పూర్వం ఏటా గుంజలు పాతి, తడికలు అల్లి, నది ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా కట్ట కట్టేవారు. పది రోజులు చేపలు పట్టేవారు. చేపలు ఇంకా వస్తుండగానే కట్ట విప్పేసేవారు. ఎగువ ఊళ్లకూ వాటా పోవాలి, కొన్ని చేపలైనా గుడ్లు పెట్టే చోటికి చేరాలి. ఆ కట్టను ఎప్పుడు విప్పాలో కట్టకముందే తెలుసు. దాని పవిత్రత అక్కడే ఉందనిపిస్తుంది.

1918లో కాప్కో ఆనకట్ట పూర్తయింది. చేపలు ఎక్కడానికి దానికి మెట్లు లేవు. తర్వాత మరో మూడు వచ్చాయి, చివరిది 1962 నాటి ఐరన్ గేట్. నాలుగూ విద్యుత్తు కోసమే. పొలాలకు నీరిచ్చే కట్టలు కావు. ఎగువ తెగలు 1864 ఒడంబడికలో చేపలు పట్టే హక్కును నిలుపుకున్నాయి. హక్కు కాగితం మీద మిగిలింది, సాల్మన్ మాత్రం రాలేదు.

అయితే ఈ ఆనకట్టలకూ ఒక గడువుంది. ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చిన 50 ఏళ్ల లైసెన్సు 2006లో తీరింది. అప్పటికి నాలుగేళ్ల కిందటే, 2002 సెప్టెంబరులో, నీరు తగ్గి, వెచ్చబడి, మొప్పల రోగాలు ప్రబలి, నది దిగువన కనీసం 34,000 చేపలు చచ్చి తేలాయి.

ఆనకట్టలను తీయించడానికి తెగలు తమ విశ్వాసాన్నే ఆధారంగా చూపితే సరిపోయేదా? సరిపోయేది కాదు. ఇదే ప్రాంతపు కొండల్లో యూరోక్, కారుక్, తొలొవా పవిత్ర స్థలాల మీదుగా అటవీ శాఖ రోడ్డు వేయబోతే కేసు సుప్రీం కోర్టుకు వెళ్లింది. 1988లో అయిదు-మూడు ఓట్ల ఆధిక్యంతో తీర్పు ప్రభుత్వం వైపు వచ్చింది. వారి మతాచరణ దాదాపు అసాధ్యమైనా సరే, ప్రభుత్వం తన భూమిని వాడుకోవడం మత స్వేచ్ఛకు భంగం కాదని దాని సారం. నమ్మకాన్ని మనసులోని విషయంగా మాత్రమే చూసే చట్టానికి, నమ్మకం ఒక కొండలోనో ఏటిలోనో ఉంటుందని అర్థం కావడం కష్టం. (ఆ రోడ్డు చివరికి పడలేదు, కాంగ్రెస్ ఆ అడవికి రక్షణ కల్పించింది.)

క్లమత్‌లో పని చేసింది వేరే ఆయుధం. ఫెడరల్ పవర్ చట్టం 18వ సెక్షన్ కింద కొత్త లైసెన్సు కావాలంటే చేపల దారి కట్టితీరాలని ప్రభుత్వ శాఖలు షరతు పెట్టగలవు. పెట్టాయి. ఆ షరతులతో నడిపితే ప్రాజెక్టు నష్టాల్లో పడుతుందని లైసెన్సు కమిషన్ సిబ్బందే లెక్క కట్టారు. దాంతో ఆనకట్టల యజమాని పసిఫికార్ప్ కంపెనీకి కూల్చడమే చవకైంది. లోకాన్ని చక్కదిద్దే క్రతువుకు చివరికి జమాఖర్చుల పుస్తకం దారి ఇచ్చింది! దీన్ని విశ్వాసానికి దక్కిన గుర్తింపు అనలేం. కానీ తెగలవారి దశాబ్దాల పట్టుదల లేకపోతే ఆ లెక్క తీసేవారే ఉండరు.

ఎదుటి వాదన తేలికది కాదు. నాలుగు ఆనకట్టల సామర్థ్యం సుమారు 160 మెగావాట్లు, బొగ్గు కాల్చని విద్యుత్తు. జలాశయాల ఒడ్డున ఇళ్లు కట్టుకున్నవారు సరస్సును కోల్పోయారు. అయినా విద్యుత్తును మరోచోట పుట్టించవచ్చు. ఈ ఏటి చేపను మరో ఏట్లో పుట్టించలేరు.

2010లో, మళ్లీ 2016లో ఒప్పందాలు కుదిరాయి. 2022 నవంబరులో కమిషన్ లైసెన్సు వదులుకోవడానికి అనుమతించింది. 2024లో చివరి కట్టా పోయింది. ఆ ఏడాది అక్టోబరులోనే ఆరెగన్‌లో, పాత కట్టలన్నిటికీ ఎగువన, చినూక్ కనిపించింది. ఇంకా పైన కీనో, లింక్ రివర్ అనే రెండు ఆనకట్టలు ఉన్నాయి. వాటికి చేపలు ఎక్కే మెట్లున్నాయి.